తుఫాను వేరు, ఉప్పెన వేరు
(బందరు తీర చరిత్ర, మన ఇండ్లలో చేసుకోదగిన ఏర్పాట్లు)

మన సంఘ సభ్యులలో చాలామంది బందరులోనో, దివిసీమలోనో, ఆ చుట్టుప్రక్కల ఊళ్లలోనో పుట్టి పెరిగినవారే. సముద్రం మనకు కొత్త కాదు. అయినా మా ఉర్దూ బడిలో పిల్లలను "తుఫాను అంటే ఏమిటి?" అని అడిగితే "పెద్ద గాలి, పెద్ద వాన" అంటారు. పెద్దలను అడిగినా ఇదే జవాబు వస్తుంది. ఈ జవాబు సగమే నిజం. మిగిలిన సగం తెలియకపోవడం వల్ల ఈ తీరంలో వేలాది ప్రాణాలు పోయినవి. కావున ఈ సంచికలో ఆ చరిత్రను క్లుప్తంగా చెప్పుకుని, ప్రతి ఇంటా చేసుకోదగిన ఏర్పాట్లను గురించి కూడా ముచ్చటించుకుందాము.

మూడు మాటలు

ఉర్దూ చదివినవారికి 'తూఫాన్' బాగా తెలిసిన మాటే. అరబ్బీ నుండి ఫారసీకి, అక్కడి నుండి మన భాషలకు వచ్చింది. 'తూఫాన్-ఎ-నూహ్' అన్నప్పుడు ఆ మాటకు జలప్రళయమని అర్థం, గాలి అని కాదు. తెలుగులోకి వచ్చేసరికి అది గాలివాన అయి కూర్చుంది. 'బందరు' కూడా ఫారసీ మాటే. రేవు అని దాని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు నుండి ఓడలు పారశీక తీరం దాకా పోయేవి.

రెండవది 'సైక్లోన్'. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు 1848లో గ్రీకు భాష ఆధారంగా ఈ మాటను కల్పించాడు. పాము చుట్ట చుట్టుకున్నట్లు గాలి సుడి తిరుగుతుందని ఆయన భావం. 1789 డిసెంబరులో గోదావరి మొగ దగ్గర కోరంగి రేవును ముంచివేసిన అలలను గురించి కూడా ఆయన వ్రాశాడు.

మూడవది మన తెలుగు మాట 'ఉప్పెన'. తుఫాను గాలి సముద్రాన్ని తోసుకుని వచ్చి నేల మీద పడవేయడమే ఉప్పెన. గాలి ఇల్లు పడగొడుతుంది. ఉప్పెన అయితే ఊరినే ఊడ్చివేస్తుంది. ఈ తేడాను మనవాళ్లు పేరు పెట్టి మరీ గుర్తించారు గాని, తరువాతి తరాలు మరచిపోయినవి.

1864, 1977

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. మామూలు పోటు కంటే 13 అడుగుల ఎత్తున నీరు పట్టణంలోకి వచ్చిందనీ, కొన్నిచోట్ల 17 మైళ్ల లోపలి దాకా పాకిందనీ, 30 వేలమంది చనిపోయారనీ ఆనాటి లెక్కలు చెబుతున్నవి. అంతకు ముందు నెల 5వ తేదీనే కలకత్తాను కూడా పెద్ద తుఫాను నాశనం చేసి ఉన్నది. ఆ దెబ్బతో 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల పద్ధతి మొదలయింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

వాతావరణ శాఖ ఏర్పడిన నూటరెండేళ్లకు, 1977 నవంబరు 19 శనివారం నాడు, దివిసీమ మునిగింది. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోయింది. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ల పేర్లు ఆనాటి పత్రికలు చదివినవారికి ఈనాటికీ గుర్తే. చనిపోయినవారు సుమారు 10 వేలమంది అని ప్రభుత్వ లెక్క. ఇంకా ఎక్కువేనని ఆ ప్రాంతంవారు అంటారు. అవనిగడ్డ ప్రక్కన పులిగడ్డలో వారి స్మారక స్థూపం ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆనాడు హెచ్చరికలు అసలే లేకపోలేదు. తుఫాను వస్తున్నదని రేడియో చెప్పింది. కాని నీరు ఇంత ఎత్తున, ఇంత లోపలికి వస్తుందని ఎవరూ ఊహించలేదు. గాలే కదా, తలుపులు బిగించుకుని ఇంట్లో ఉంటే సరిపోతుందనుకున్నారు.

దెబ్బ ఎటు తగులుతుంది?

1977లో తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల వైపు. మరి దివిసీమ ఎందుకు మునిగింది? మన దేశంలో తుఫాను గాలి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది ముందుకు నడిచే దారికి కుడిచేతి వైపున గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. నీటిని తోసేది ఆ గాలే. చీరాలకు కుడిచేతి వైపున ఉన్నది దివిసీమ. పైగా అక్కడ సముద్రపు అడుగు లోతు తక్కువ, నేల పల్లం. తోసిన నీరు క్రిందికి పోయే దారి లేక పైకి లేచింది.

కావున "తుఫాను మనకు కాదట, చీరాల, బాపట్ల వైపు పోతున్నదట" అని విని నిశ్చింతగా కూర్చోరాదు. మనకు నైరుతిగా తీరం దాటే తుఫానే మన మీదికి సముద్రాన్ని తెచ్చేది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్ కూడా ఈ దారినే వచ్చింది.

ఇంకొక మాట. గాలి హోరెత్తి ఉన్నట్టుండి ఆగిపోతే గండం గడిచిందని బయటికి పోరాదు. అది తుఫాను కన్ను. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కు నుండి మళ్లీ అంతే జోరుగా కొడుతుంది.

రేవులో ఎగరేసే ప్రమాద సూచికల సంగతి కూడా తెలుసుకోవాలి. 1, 2 నంబర్లు తుఫాను దూరాన ఉన్నదని, 3, 4 రేవుకు ముప్పు పొంచి ఉన్నదని, 5 నుండి 7 ప్రమాదమని, 8 నుండి 10 మహాప్రమాదమని చెబుతాయి. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయినవని అర్థం. ఇవి ఓడల కోసం పెట్టిన నంబర్లు. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో అధికారులు వేరుగా చెబుతారు. ఆ మాటే వినాలి.

కదిలినవారు బ్రతికారు

1990 మే 9న మళ్లీ కృష్ణా మొగ దగ్గరే పెద్ద తుఫాను దాటింది. గాలి జోరులో 1977 దానికి తీసిపోదు. అయినా ప్రాణనష్టం వెయ్యికి లోపే. మధ్యకాలంలో బందరులో రాడార్ వచ్చింది, తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచినవి. అన్నింటికంటే ముఖ్యం, లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు.

ఇదే బంగాళాఖాతపు ఆవలి ఒడ్డున, బంగ్లాదేశ్‌లో, 1991 ఏప్రిల్ 29 తుఫాను తరువాత కొందరు వైద్యులు ఇంటింటా విచారించారు. పక్కా కట్టడాలకు చేరినవారందరూ బ్రతికినట్లు తేలింది. చేరనివారిలో నూటికి 22 మంది పోయారు. పదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 26, నలభై దాటిన స్త్రీలలో నూటికి 31 మంది చనిపోయారు.

ఈ చివరి లెక్కను మన ఇండ్లలో ప్రత్యేకంగా ఆలోచించాలి. మగవారు పనిమీద బయట ఉంటారు. వారు వచ్చి పోదాం అంటే గాని ఆడవారు గడప దాటరు. షెల్టర్‌లో మరుగు ఉండదని, పరాయివాళ్ల మధ్య ఎలా ఉంటామని సంకోచిస్తారు. అంతలో దారి మునుగుతుంది. కావున ఇంటి పెద్దలు ముందుగానే "కబురు వస్తే నాకోసం ఆగకండి, పిల్లలను తీసుకుని ఫలానా డాబాకు పోండి" అని చెప్పి ఉంచాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ఇంట్లో ఏం ఉండాలి?

తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, మళ్లీ మే నెలలో వస్తాయి. ఆ నెలలకు ముందే ఈ పనులు చేసుకోవాలి.

రేషన్ కార్డు, ఆధార్, పొలం పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, చేతికందేచోట పెట్టాలి. టార్చి, బ్యాటరీతో పనిచేసే రేడియో, అగ్గిపెట్టెలు, రోజూ వేసుకునే మందులు మరో సంచిలో ఉండాలి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం వంటివి మూడు రోజులకు సరిపడా డబ్బాలో పోసుకోవాలి. పొయ్యి వెలగకపోయినా పిల్లల కడుపు నిండుతుంది. ఉప్పెన తరువాత బావులు ఉప్పునీటితో పాడవుతాయి, కావున మంచినీళ్లు మూతలున్న క్యాన్లలో నింపుకోవాలి. సెల్‌ఫోన్లు ముందే ఛార్జింగ్ పెట్టుకోవాలి. ఇంటి మీదికి ఒరిగిన కొమ్మలు కొట్టించాలి. ఖాళీ చేసేటప్పుడు పశువులను తాళ్లు విప్పి వదలాలి. కట్టేసి ఉంటే అవి ఈదలేవు.

ఇవన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు. అసలు ప్రశ్న ఒక్కటే. మా ఇంటికి దగ్గరలో ఎత్తైన పక్కా కట్టడం ఏది, నడిచిపోతే ఎంతసేపు పడుతుంది? ప్రతి కుటుంబం ఒకసారి పిల్లలతో సహా ఆ దారిని నడిచి చూసుకోవాలి.

మన సంఘానికి కూడా ఒక మనవి. ప్రతి మొహల్లాలో ఒంటరిగా ఉన్న ముసలివారు, నడవలేనివారు, నిండు చూలాళ్లు ఎవరెవరున్నారో ఒక జాబితా వ్రాసి, ఒక్కొక్కరికి ఇద్దరు కుర్రవాళ్లను బాధ్యులుగా నియమించాలి. పక్కా భవనాల్లో స్త్రీలకు వేరే గది, మరుగుదొడ్డి ఉండేట్లు చూసి, ఆ సంగతిని ఇంటింటా తెలియజేయాలి. ఆ భవనాల తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నవో అందరికీ తెలిసి ఉండాలి. తుఫానును ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. తలుపు తీసి, చేయి పట్టుకుని, ఎత్తుకు చేర్చడం మాత్రం మన చేతిలో పని. రాబోయే అక్టోబరులోగా ఈ జాబితా తయారు కావాలని సభ్యులందరినీ కోరుచున్నాము.