నాయకుని వేటడేగలు, బర్మా బజారు అత్తరులు

క్రీ.శ. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుడు, ఆంగ్లేయ కంపెనీ ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే అనువానికి మదరాసుపట్టణపు ఇసుకతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నొసగునపుడు, తన ప్రజల సంపద పెరుగవలెనను గంభీరాశయముతోపాటు మనస్సునందలి మరికొన్ని ముచ్చటలను గూడ దాచుకొనలేదు. తన సొమ్ముతోనే పారశీకమునుండి మేలుజాతి గుఱ్ఱములను తెప్పించి యీయవలెను. ఏటేట తన సేవకు నొకనిని బంగాళాఖాతపు రేవులకు పోనిచ్చి వేటడేగలను, కోతులను, చిలుకలను, అటువంటి వేడుకవస్తువులను కొని తెచ్చుకొననీయవలెను. ఈ కోరికలన్నియు కంపెనీవారి లేఖలయందు నమోదై యుండుటచేత మూడున్నర శతాబ్దములు గడచినను మనకు తెలియవచ్చుచున్నవి. నేడు విహారనౌకనెక్కి కరిబియన్ ద్వీపములలో దిగి, సుంకములేని దుకాణములయందు స్విస్ గడియారములకును ఫ్రెంచి అత్తరులకును ఎగబడు పర్యాటకుని జూచి ఇది ఈ కాలపు విలాసమని మన మనుకొందుము గాని, చెన్నపట్టణపు పుట్టుకలోనే అట్టి బేర మొకటి యున్నది.

నాయకుడు తన కోరికలకు బదులుగా ఇచ్చినది సామాన్యమైన వరము కాదు. ఈ రేవున దిగు కంపెనీ సరకులపై సుంకము శాశ్వతముగ లేదు. ఇతర వర్తకులు చెల్లించు సుంకములో సగము కంపెనీదే. కోటకును ఓడలకును కావలసిన వెచ్చములు నాయకుని సీమలో ఎచ్చట కొన్నను పన్ను లేదు. ఆ సీమగుండ ఇతరరాజ్యములకు పోవు సరకులపై ఇతరులిచ్చు దానిలో సగమే చెల్లింపవలసి యుండెను. నాణెములు ముద్రించుకొను హక్కు వీటికి తోడు. డే అంతవఱకు నున్న దుర్గరాజపట్టణపు స్థావరము కంపెనీకి అచ్చిరానిది. మదరాసుపట్టణమున బట్టలు ఇతరస్థలములకన్న నూటికి ఇరువది వంతులు చౌకగ దొరకునని అతడు పైవారికి నచ్చజెప్పెను. శాంతోములోని ఒక స్త్రీయందలి అనురాగమే అతనిని ఈ తీరమునకు కట్టివేసినదని తరువాతివారు చెప్పుకొనిరి. అది నిజమైనను కాకున్నను, సుంకము మాఫీయైన పత్రము చేతనుండగా వర్తకునకు వేఱొక అనురాగముతో పనిలేదని నా తలంపు.

ఆ పత్రమునందే తెలుగువాడు ప్రత్యేకముగ గమనింపవలసిన షరతు మఱియొకటి కలదు. ఓడ తుపానులో పగిలి నాయకుని తీరమునకు కొట్టుకొనివచ్చినయెడల, అందు దొరకిన సొత్తును అడిగినంతనే యజమానులకు తిరిగి యీయవలెను. ఇది ఈ తీరమునకు క్రొత్త మాట కాదు. శకవర్షము 1166లో, అనగా 1244-45 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇంచుమించు ఇదే మాటతో నిలిచియున్నది. పూర్వపు రాజులు గాలివానలో చిక్కి ఒడ్డున పడిన ఓడల సర్వస్వమును బలాత్కారముగ హరించుచుండిరనియు, ప్రాణములకన్న ప్రియమైన ధనమును సముద్రములో పణముగ పెట్టి వచ్చు వర్తకులయెడ కనికరముతోను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును తాము నియతమైన సుంకము తప్ప అన్యమును గైకొనమనియు గణపతిదేవుడు అందు వ్రాయించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు – శాసనమున పేర్కొన్న ఈ సరకులను చదివినచో విలాసవస్తువుల అంగడిలో నిలుచున్నట్లే యుండును. అయితే రెండు పత్రములకును నడుమ భేదము చిన్నది కాదు. గణపతిదేవుడు సుంకమును తగ్గించెను, అదియును వచ్చిన వర్తకులందఱికి. వేంకటాద్రి సుంకమును విడిచెను, అదియును ఒక్క వర్తకసంఘమునకు.

విడిచిన సుంకము గాలిలో కలసిపోదు, ఎవరిదో ఒకరి సంచిలో చేరును. కోట నిలిచి, తెల్లవారి యోడలు వచ్చి, సాలెవారును వర్తకులును చుట్టుముట్టి, ఊరు ఏపుగ పెరిగినపిమ్మట, దేశాధిపత్యము గోల్కొండవారి చేతికి వచ్చినది. రేవు సుంకములో పాలకునకు మిగిలిన ఆ సగముపై కంపెనీవారికిని గోల్కొండ అధికారులకును ఎడతెగని తగవులు నడచి, తుదకు 1672లో నవాబు నేక్‌నామ్ ఖాను ఏటికి 1200 వరహాల కట్టుబడికి ఒప్పుకొనెను. రేవు వ్యాపార మెంత పెరిగినను ఆ 1200 వరహాలు పెరుగవు! ఇంతకంటె లాభసాటియైన కొనుగోలు కంపెనీవారు మరి చేయలేదేమో.

ఆ లాభమునీడన వెలసినవే కోటకు ఉత్తరమున నేటికిని పగడాలవీధి యని పిలువబడు సందును, దాని చుట్టుపట్ల బేరములును. మధ్యధరా సముద్రపు పగడములను లండనునుండి తెప్పించి, బదులుగ గోల్కొండ వజ్రములను పంపు యూదువర్తకులు పదునేడవ శతాబ్దపు చివర ఇచ్చట స్థిరపడిరి. 1687 మొదలు 1692 వఱకు గవర్నరుగ నుండిన ఎలీహు యేల్ వజ్రముల వ్యాపారములో స్వంతముగ గడించిన ధనములో కొంత, అమెరికాలోని ఒక విద్యాలయమునకు చేరి దానికి అతని పేరు తెచ్చినది.

కరిబియన్ ద్వీపములకు మన తీరమునుండి పోయిన త్రోవలు రెండు. మొదటిది డేనులది. తెలుగున కావ్యములల్లిన తంజావూరు రఘునాథ నాయకుడు 1620లో తరంగంబాడిని వారికిచ్చి, బంగారు రేకుపై లేఖ వ్రాయించి వారి రాజునకు పంపెను. ఆ డేనులే 1672లో కరిబియన్ సముద్రమునందలి సెయింట్ థామస్ ద్వీపమున పాదుకొని, పదునెనిమిదవ శతాబ్దమున దానిని స్వేచ్ఛారేవుగ ప్రకటించిరి. తరంగంబాడిని 1845లో ఆంగ్లేయులకును, సెయింట్ థామస్‌ను 1917లో పొరుగు ద్వీపములతోకూడ రెండుకోట్ల ఏబది లక్షల డాలరులకు అమెరికావారికిని అమ్మి, డేనులు రెండు సముద్రములనుండియు చేతులు కడిగికొనిరి. బానిసల చెమటతో పండిన పంచదారను నిలువచేసిన వారి రాతిగిడ్డంగులే నేడు షార్లట్ అమేలీ పురమున నగల దుకాణములు. విహారనౌకలనుండి దిగినవారు సుంకములేని వజ్రపుటుంగరములకు బేరమాడునది ఆ మందపు గోడల నడుమనే. రెండవ త్రోవ మన నేతగాండ్రది. చీరాల, పులికాటు ప్రాంతముల మగ్గములపై నేసిన గళ్ళరుమాళ్ళు చెన్నపట్టణపు రేవుపేరనే దేశాంతరములకు పోయెను. మార్టినిక్, గ్వాడెలోప్, డొమినికా, సెయింట్ లూసియా ద్వీపముల స్త్రీలు ఆ గళ్ళగుడ్డను ‘మద్రాస్’ అనియే పిలుచుచు, నేటికిని పండుగనాడు తలకు చుట్టుకొందురు.

ఇక మన ఊరిలోనే సుంకమును తప్పించుకొనుటకు పేరుపడిన అంగడివీధి కథ వేఱు. బర్మాలో 1962లో సైన్యాధిపతి నీ విన్ అధికారమును చేజిక్కించుకొని, 1964లో దుకాణములను జాతీయము చేయగా, తరతరములుగ అచ్చట వర్తకము చేసిన భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. రంగూను రేవున సుంకపుటధికారులు వారి నగలను, రొక్కమును గడప దాటనీయలేదు. ఓడలు కొన్ని విశాఖపట్టణమునకు, కొన్ని చెన్నపట్టణమునకు చేరెను. విశాఖలోని కంచరపాలెమున వారి పేరనే బర్మా క్యాంపు ఏర్పడినది; తెలుగు కుటుంబము లనేకము అచ్చట తలదాచుకొనెను. చెన్నపట్టణమునకు వచ్చినవారికి జీవనోపాధి చూపుటకై 1969లో బీచి రైల్వేస్టేషను చేరువ, రేవు ప్రక్కగనే, ఇంచుమించు కిలోమీటరు పొడవున ప్రభుత్వము చిన్నచిన్న దుకాణములు కట్టించెను. అదియే బర్మా బజారు. సుంకపుటధికారుల చేత సర్వస్వమును కోల్పోయి వచ్చినవారికి, సుంకము చెల్లింపని సరకులను అమ్ముటయే కూడుపెట్టు వృత్తి యగుటను విధివిలాసమన్నచో అది చులకన మాట యగును. అది దేశపు ఆర్థికవిధానము కల్పించిన అవకాశము. విదేశీవస్తువుల దిగుమతికి లైసెన్సు దొరకుట దుర్లభమై, దొరకినను సుంకము భరింపరానిదైన ఆ దినములలో, 1819లో స్థాపితమైన నాటనుండియు స్వేచ్ఛారేవైన సింగపూరు ఓడప్రయాణపు దూరముననే యుండెను. 1973 వఱకు రాజులా అను ఓడయు, ఆ తరువాత చిదంబరము అను ఓడయు ఆ రేవునుండి జనమును, వారి పెట్టెలను తెచ్చుచుండెను. కూలి పుచ్చుకొని ఇతరుల సరకును తమ సామానుగ మోసికొనివచ్చు ప్రయాణికులను ఇచ్చటివారు ‘కురువి’ అందురు.

ఆ బజారునందు జపాను నైలాను చీరలు, సీకో గడియారములు, సెంటుబుడ్లు, టేపురికార్డరులు, కొంతకాలమునకు వి.సి.ఆర్.లును దొరకెడివి. చెప్పిన ధరలో సగమునకు అడుగుట అచ్చటి మర్యాద. తెలుగు చలనచిత్రసీమ యింకను కోడంబాకమును విడువని కాలమున, నెల్లూరునుండియు గూడూరునుండియు రైలులో దిగు బంధువులు సముద్రమును, జంతుప్రదర్శనశాలను, బర్మా బజారును ఒక్క దినముననే చూచి పోవుట ఆనవాయితీ. విప్పి చూడక కొన్న పెట్టెలో ఇటుకముక్క యుండెనను కథ ప్రతి యింటను ఎవరికో ఒకరికి జరిగినట్లుగనే చెప్పుదురు. నే నెఱిగినంతలో అది ఎప్పుడును చెప్పువారికి జరుగలేదు, వారి మేనమామకే జరిగెను. ఇంతయు జరుగు రాజాజీ సాలైపైననే ప్రభుత్వపు కస్టమ్స్ హౌసు సైతము కొలువుదీరి యుండెను. అప్పుడప్పుడు సోదాలు జరుగును; తలుపులు టపటప మూతపడును; మరునాటికి మరల తెఱచుకొనును. శాసనము చేసిన ప్రభుత్వమునకును, అంగడి కట్టించిన ప్రభుత్వమునకును నడుమ వారు జీవించిరి.

1991 తరువాత దిగుమతుల సంకెలలు సడలెను. సీకో గడియారమును, ఫ్రెంచి అత్తరును గాజు తలుపుల మాలులయందు, సుంకము చెల్లించిన రసీదుతోడ, ఎవరికి కావలసిన వారు కొనవచ్చును. విమానాశ్రయపు సుంకములేని దుకాణము ఉండనే యున్నది. బర్మా బజారులో ఇపుడు చేతిఫోనుల తొడుగులు, ఛార్జరులు, వెలిగిపోవు చౌకబొమ్మలు అమ్ముచున్నారు. సాయంకాలమైనచో వెనుకవీధి మొగదల బండ్లవద్ద, రంగూనునుండి నోటిరుచిగ మాత్రమే తీసికొని రాగలిగిన అత్తో అను నూడుల్సు వంటకమును, అరటిబోదె చారును వేడివేడిగ వడ్డింతురు. దానిని ఆపగల సుంకపుటధికారి రంగూనులోను లేకపోయెను.