పాత ఫోర్డుకు ఏ ఇంజిను?

మన చరిత్ర పాఠంలో 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం గురించి చదివాం. బ్యాంకులు మూతపడ్డాయి, లక్షల మందికి పనులు పోయాయి. అంత కష్టకాలంలో, 1932 మార్చి 31న, అమెరికాలో హెన్రీ ఫోర్డ్ ఒక కొత్త ఇంజిను ఉన్న కారును బయటపెట్టాడు. అదే ఫోర్డ్ వి8. మా మామయ్యకు చెన్నైలో పాత కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. సెలవుల్లో అక్కడికి వెళ్తుంటాను కాబట్టి ఈ ఇంజిను గురించి తెలుసుకున్నాను. పాత కారుకు ఏ ఇంజిను, ఏ కార్బురేటరు ఉండాలి అనేది కూడా చరిత్రకు సంబంధించిన ప్రశ్నే అని నా అభిప్రాయం.

ముందు ఆ ఇంజిను ఎందుకు పుట్టిందో చూద్దాం. ఫోర్డ్ వారి మోడల్ ఎ కారుకు నాలుగు సిలిండర్లు, 40 హార్స్ పవర్ ఉండేవి. 1929లో షెవ్రొలే కంపెనీ నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్లు ఇస్తామని 46 హార్స్ పవర్ కారు తెచ్చింది. జనం అటు మొగ్గారు. ఫోర్డ్ ఆరుతో పోటీ పడకుండా ఒకేసారి ఎనిమిదికి వెళ్లాడు. ఎనిమిది సిలిండర్లు అంతకుముందు ఎక్కువగా కాడిలాక్ లాంటి ఖరీదైన కార్లకు ఉండేవి. ఫోర్డ్ మనుషులు మొత్తం బ్లాకును ఒకే ఇనుప పోతగా పోయడం నేర్చుకున్నారు. మొదట్లో చాలా పోతలు పాడైపోయాయి. చివరికి 3.6 లీటర్ల, 65 హార్స్ పవర్ ఇంజిను మామూలు వాళ్లు కొనగలిగే కారులోకి వచ్చింది.

ఇక కార్బురేటరు. దోమల మందు కొట్టే చేతిపంపు చూశారు కదా! గాలి వేగంగా పోతే సీసాలోని మందు పైకి లేచి తుంపరగా వస్తుంది. కార్బురేటరు పనిచేసేది కూడా ఇలాగే. సన్నని గొంతులో గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, జెట్ గుండా పెట్రోలు లాగబడుతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు దాదాపు 15 పాళ్లు గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, తక్కువైతే ఇంజిను లాగదు.

1932లో వి8కు ఒక గొంతు కార్బురేటరే ఉండేది. 1934లో రెండు గొంతుల స్ట్రాంబర్గ్ వచ్చింది. ఒక్కో గొంతు నాలుగేసి సిలిండర్లకు గాలి, పెట్రోలు అందిస్తుంది. అప్పుడు శక్తి 85 హార్స్ పవర్‌కు పెరిగింది. 1936లో వచ్చిన స్ట్రాంబర్గ్ 97 చాలా పేరు తెచ్చుకుంది. గొంతు వెడల్పు 0.97 అంగుళం కాబట్టి దానికి ఆ పేరు. తర్వాత కాలిఫోర్నియాలో కుర్రాళ్లు ఒకే ఇంజినుకు రెండు మూడు 97లు బిగించి ఎండిన సరస్సుల మీద పందేలు వేసేవారు. పందేనికి అది బాగుంటుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పోయే కారుకు మాత్రం అన్ని కార్బురేటర్లు సరిపోవు.

ఫోర్డ్ కార్లకు మన ఊరితో కూడా సంబంధం ఉంది. కెనడా ఫోర్డ్ కంపెనీ 1926లో ఇండియాలో శాఖ పెట్టింది. బొంబాయి, కలకత్తాలతో పాటు మద్రాసులో కూడా విడిభాగాలు తెచ్చి కార్లు బిగించేవారు. 1954లో అది మూతపడింది. తర్వాత దిగుమతుల మీద కట్టుబాట్లు ఉండేవి, స్పేర్ పార్టులు దొరకడం కష్టమైంది, పెట్రోలు ఖర్చు కూడా భరించలేకపోయారు. అందుకే చాలా అమెరికా కార్లలో అసలు ఇంజిను తీసేసి డీజిల్ ఇంజిన్లు పెట్టారు. ఇప్పుడు కొందరు దాన్ని తప్పు అంటారు. కానీ ఆ మెకానిక్‌లు అలా చేయకపోతే ఆ కార్లు అప్పుడే తుక్కులోకి పోయేవి.

మొన్న వేసవిలో మామయ్య దగ్గరికి ఒక 1936 ఫోర్డ్ వచ్చింది. ఓనరు ఇప్పటి కారు ఇంజిను పెట్టమన్నారు. అలా చేస్తే మామయ్యకు కూలీ బాగా గిట్టేది. కానీ అందుకు ఛాసిస్ కోయాలి. మామయ్య ఒక వారం గడువు అడిగి పాత ఇంజిను విప్పాడు. ఈ ఇంజినులో వేడి పొగ బ్లాకు లోపలి నుంచే బయటికి పోతుంది కాబట్టి తొందరగా వేడెక్కుతుంది, కొన్నిటికి బ్లాకు పగులుతుంది కూడా. దీనికి పగులు లేదు. వాల్వులు మాత్రం పట్టేసి ఉన్నాయి. పైన ఎవరో ఒక గొంతు కార్బురేటరును ప్లేటు మీద బిగించారు. అందుకే కారు ఫ్లైఓవర్ ఎక్కలేకపోయేది.

"కోసిన ఛాసిస్ మళ్లీ ముందులా కాదు సార్. బోల్టుతో బిగించింది ఎప్పుడైనా విప్పుకోవచ్చు" అని మామయ్య ఓనరుకు చెప్పాడు. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. స్ట్రాంబర్గ్ 97కు రిపేరు కిట్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది పాత రబ్బరును తినేస్తుంది. అందుకని పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం మాత్రం కొత్త రకానివి వేశాడు. మన ఎండకు పైపులో పెట్రోలు ఆవిరై కారు ఆగిపోకుండా పైపును ఇంజినుకు దూరంగా జరిపాడు.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, మామయ్య ఏది మార్చాడో, ఎందుకు మార్చాడో తేదీలతో ఒక నోటుబుక్కులో రాశాడు. పాత ప్లేటును, ఒక గొంతు కార్బురేటరును కూడా పారేయకుండా అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. మళ్లీ ఇంకో మెకానిక్ బానెట్ ఎత్తినప్పుడు అవి పనికొస్తాయి. ఓనరుకు తెలుగు చదవడం రాదు, అందుకని ఆ పేజీలను నేను తమిళంలో రాసిచ్చాను.