శిక్షణలో స్కోరు, బోర్డు పరీక్షలో ఫలితం: అమెరికా శస్త్రచికిత్సా విద్యపై ఒక పరిశీలన

అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి విధుల్లో ఉంటూ పొందే ఐదేళ్ల శిక్షణ, ముగించిన వైద్యులు బోర్డు సర్టిఫికేషన్ పొందాలంటే, 1937లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ నిర్వహించే రెండు పరీక్షలు దాటాలి. మొదటిది బహుళైచ్ఛిక ప్రశ్నల క్వాలిఫయింగ్ పరీక్ష. అందులో నెగ్గినవారే సర్టిఫయింగ్ పరీక్ష అనే మౌఖిక పరీక్షకు అర్హులు. వీటికంటే ముందే, శిక్షణార్థులు ఏటా రాసే మరో పరీక్షను అదే బోర్డు 1975 నుంచి జరుపుతోంది. ఆబ్‌సైట్ అని వైద్యులు పిలుచుకునే ఈ పరీక్షలో ఉత్తీర్ణత అనేది లేదు. అదే ఏడాది శిక్షణలో ఉన్న తోటివారిలో ఎంత శాతం మందిని మించి రాశారో తెలిపే పర్సంటైల్‌తోనే శిక్షణార్థి స్థాయిని ప్రధానంగా అంచనా వేస్తూ వచ్చారు.

శిక్షణ ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి పుట్టిన ఈ కొలత క్రమంగా భవిష్యవాణి హోదా పొందింది. 17 శిక్షణ కేంద్రాలకు చెందిన 607 మందిని పరిశీలించి 2010లో వెలువడిన ఒక అధ్యయనం, ఆబ్‌సైట్‌లో ఏ సంవత్సరంలోనైనా 35వ పర్సంటైల్ కంటే దిగువకు జారినవారికి బోర్డు పరీక్షల్లో తొలి ప్రయత్నంలో తప్పే ముప్పు ఎక్కువని తేల్చింది. అయితే 2014లో బోర్డు పరిశోధకులే ఇందుకొక హెచ్చరికను జోడించారు: ఆబ్‌సైట్ స్కోరు విజయాన్ని ఊహించినంత బాగా వైఫల్యాన్ని ఊహించలేదు.

ఈ తేడా ఎందుకు వస్తుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. బోర్డు పరీక్ష రాసిన 200 మందిలో 30 మంది తప్పారని, శిక్షణకాలంలో తక్కువ స్కోరు వచ్చిన 50 మందిలో 20 మంది, మిగిలిన 150 మందిలో 10 మంది ఆ తప్పినవారని అనుకుందాం. మంచి స్కోరు ఉన్నవారిలో 93 శాతం మంది నెగ్గారు గనుక వారి విషయంలో స్కోరు ఇచ్చిన భరోసా నిలబడింది. తక్కువ స్కోరు వచ్చినవారిలో మాత్రం 60 శాతం మంది నెగ్గనే నెగ్గారు. వారందరినీ తప్పేవారుగా ముద్ర వేస్తే ఐదుగురిలో ముగ్గురి విషయంలో ఆ ముద్ర అబద్ధమవుతుంది. అసలు తప్పేవారే కొద్దిమంది అయినప్పుడు ఏ ముందస్తు కొలతకైనా ఈ ఇబ్బంది తప్పదు.

దీనికి తోడు, స్కోరు పడిపోయిన శిక్షణార్థికి కేంద్రాలు ప్రత్యేక పఠన ప్రణాళిక, మార్గదర్శకుడు వంటి ఏర్పాట్లు చేస్తాయి. అవి ఫలిస్తే అతడు నెగ్గుతాడు, గణాంకాల్లో మాత్రం ఆబ్‌సైట్ జోస్యం తప్పినట్టు నమోదవుతుంది. అందువల్ల వైఫల్యాన్ని సరిగా ఊహించలేకపోవడాన్ని పూర్తిగా పరీక్ష లోపంగా చూడటం న్యాయం కాదు; అందులో కొంత బోధకుల శ్రమకు దక్కిన ఫలితం కావచ్చు.

ఆబ్‌సైట్‌కూ క్వాలిఫయింగ్ పరీక్షకూ ఉన్న సంబంధంలో ఆశ్చర్యమేమీ లేదు; రెండింటినీ ఒకే సంస్థ రూపొందిస్తుంది, రెండూ ఒకే తరహా ప్రశ్నలతో జ్ఞాపకాన్నీ అన్వయాన్నీ కొలుస్తాయి. మౌఖిక పరీక్ష తీరు వేరు: ముప్పై నిమిషాల చొప్పున మూడు విడతల్లో, విడతకు ఇద్దరు పరీక్షకుల ఎదుట, అభ్యర్థి రోగి స్థితిని వింటూ, ఏం చేస్తాడో చెబుతూ, పరిస్థితి మారినప్పుడు నిర్ణయాన్ని సమర్థించుకోవాలి లేదా మార్చుకోవాలి. 2010 అధ్యయనం దీనితోనూ ఆబ్‌సైట్‌కు సంబంధం చూపింది గానీ, ఆ నిర్ణయశక్తిని ఆబ్‌సైట్ నేరుగా కొలవదు. ఇక చేతి నైపుణ్యం విషయానికొస్తే, ఈ మూడింటిలో ఏదీ అభ్యర్థి చేత కత్తి పట్టించదు.

అయినా ఆబ్‌సైట్ బరువు పెరిగే అవకాశమే కనిపిస్తోంది. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష తొలి దశ ఫలితాన్ని 2022 జనవరి నుంచి ఉత్తీర్ణత, అనుత్తీర్ణతలుగానే ప్రకటిస్తున్నందున, రెసిడెన్సీ తర్వాతి ప్రత్యేక శిక్షణ అయిన ఫెలోషిప్ ఎంపికలో అభ్యర్థులను పోల్చడానికి మిగిలిన అంకెల్లో ఇది ముఖ్యమైనది. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ శిక్షణ పొందే తెలుగు వైద్యులకూ ఇది వర్తిస్తుంది. ఎంపికకు దీనినే ఏకైక ప్రమాణం చేయడం పై లెక్క ప్రకారం సమర్థనీయం కాదు.

శిక్షణలో వచ్చిన స్కోరు చివరి ఫలితాన్ని ఎంతవరకు ఊహించగలదన్న ఈ ప్రశ్నను భారతదేశంలో వేయదగిన చోటు డీఎన్‌బీ (డిప్లొమేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్) శిక్షణ. జాతీయ వైద్య విజ్ఞాన పరీక్షల బోర్డు శిక్షణ మధ్యలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ టెస్ట్‌ను, చివర్లో థియరీ, ప్రాక్టికల్ పరీక్షలను తానే జరుపుతుంది గనుక రెండు దశల ఫలితాలూ ఒకేచోట ఉంటాయి. రాత స్కోరు చేతి నైపుణ్యాన్ని కొలవదు గనుక, వాటిని జతపరిచి చూసేవారు చివరి థియరీ, ప్రాక్టికల్ ఫలితాలను కలిపేయకుండా వేర్వేరుగా లెక్కించవలసి ఉంటుంది.