‘బాండిట్ క్వీన్’ తీర్పు: దృశ్యౌచిత్య విచారణ

శేఖర్ కపూర్ ‘బాండిట్ క్వీన్’ (1994)లో ఫూలన్‌ను వివస్త్రను చేసి, ఊరి మగవారి నడుమ బావినీళ్లు తోడించే దృశ్యం కథకు అవసరమా అన్న ప్రశ్న న్యాయస్థానానికి చేరింది. ఢిల్లీ హైకోర్టు చిత్ర ధ్రువపత్రాన్ని రద్దు చేయగా 1996లో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. దృశ్యాన్ని ఇతివృత్తం నుంచి విడదీసి చూడరాదనీ, ఆ నగ్నత కామాన్ని కాక జుగుప్సనూ జాలినీ కలిగిస్తుందనీ తీర్పు పేర్కొంది. ఆలంకారిక పరిభాషలో ఇది రసౌచిత్య విచారణే; అశ్లీలమన్న చోట కోర్టు బీభత్స కరుణలను చూసింది.

అయితే ఔచిత్యం కావ్యాన్ని పరీక్షిస్తుందే కాని, కావ్యవస్తువైన సజీవవ్యక్తి సమ్మతిని అడగదు. తన అత్యాచారాన్ని అనుమతి లేకుండా తెరకెక్కించారని ఫూలన్ దేవి 1994లోనే ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఆ వివాదం రాజీతో ముగిసింది. 1996లో విచారణకు వచ్చిన అర్జీ ఆమెది కాదు, గుజ్జర్ సముదాయ ప్రతిష్ఠకు భంగం కలిగిందన్న మరొకరిది.