నిద్రలో ఆగే ఊపిరి: ఒక వ్యాధి, ఒక మాస్కు చరిత్ర

మశూచి, కలరా, ప్లేగు వంటి వ్యాధుల చరిత్ర మీకు కొంత తెలుసు. ఆ వ్యాధులు వచ్చినవాడికి తెలుస్తాయి, ఊరికి తెలుస్తాయి, ప్రభుత్వ రికార్డులకెక్కుతాయి. ఈ భాగంలో మనం పరిశీలించే వ్యాధి అలాంటిది కాదు. రోగి నిద్రలో ఉన్నప్పుడే అది వస్తుంది, మేలుకోగానే కనిపించకుండా పోతుంది. దాని పేరు స్లీప్ ఆప్నియా. దీనికి ప్రధాన సాక్షి రోగి కాదు, పక్కన పడుకున్న మనిషి. చరిత్ర విద్యార్థిగా మీరు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: సాక్ష్యం ఎవరి దగ్గర ఉంది? దాన్ని ఎవరు విన్నారు?

ముందు వ్యాధి స్వభావం క్లుప్తంగా తెలుసుకుందాం. నిద్రలో ఒంట్లోని ఇతర కండరాలతో పాటు గొంతు చుట్టూ ఉన్న కండరాలూ సడలుతాయి. కొందరిలో నాలుక వెనుక భాగం, కొండనాలుక దగ్గరి మెత్తని కండ వెనక్కి వాలి గాలిదారిని మూసేస్తాయి. ఛాతీ ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి క్షణకాలం మేలుకొంటుంది. పెద్ద గురకతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. కనీసం 10 సెకన్లు గాలి ఆగితే ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిన సందర్భాలనూ కలిపి, గంటకు 5 లోపు ఉంటే మామూలు అనీ, 30 దాటితే తీవ్రం అనీ అంటారు. అంటే తీవ్రమైన రోగి రాత్రంతా రెండు నిమిషాలకోసారి ఊపిరి కోసం కొట్టుమిట్టాడుతున్నట్టు లెక్క. పొద్దున లేచాక ఇందులో ఏదీ అతనికి గుర్తుండదు. తలబరువు, పగటి కునుకుపాట్లు మాత్రం మిగులుతాయి.

గురకను ఎవరూ జబ్బుగా చూడలేదు. ‘గుర్రుపెట్టి నిద్రపోయాడు’ అంటే మన భాషలో హాయిగా, గాఢంగా నిద్రపోయాడనే అర్థం. పాత గ్రంథాల్లో మాత్రం అక్కడక్కడా ఆనవాళ్లు దొరుకుతాయి. నల్ల సముద్రం ఒడ్డున హెరాక్లియాను క్రీ.పూ. 4వ శతాబ్దంలో పాలించిన డయోనీసియస్ మహా స్థూలకాయుడు. అతడు గాఢనిద్రలోకి జారినప్పుడు లేపడానికి వైద్యులు పొడవాటి సన్నని సూదులను ఒంట్లోకి గుచ్చేవారని గ్రీకు రచయిత అథీనియస్ రాశాడు. ఇది స్లీప్ ఆప్నియాయే అని నిర్ధారించలేం. నేటి వ్యాధి పేరును పాత మనిషికి తగిలించేటప్పుడు చరిత్రకారుడు తొందరపడకూడదు.

ఆధునిక చరిత్ర ఒక నవలతో ముడిపడి ఉంది. 1836-37లో వెలువడిన చార్లెస్ డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రాడు నిలబడిన చోటే నిద్రపోతూ ఉంటాడు. పాఠకులకు అతడు నవ్వులాట. 1956లో అమెరికాలో సిడ్నీ బర్వెల్, ఆయన సహచరులు ఒక స్థూలకాయ రోగిని వర్ణిస్తూ అతని జబ్బుకు ‘పిక్‌వికియన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఆ రోగి వ్యాపార సంస్థలో ఉన్నతోద్యోగి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికొచ్చినా పందెం కాయకుండానే నిద్రపోయాడట! ఆస్పత్రిలో చేరడానికి దారితీసిన సంఘటనల్లో అదీ ఒకటి.

పేరు బాగుంది, కానీ నా దృష్టిలో అది మేలుతో పాటు కీడు కూడా చేసింది. బర్వెల్ బృందం పగటి మగతకు కారణం స్థూలకాయం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడమేనని భావించింది. రాత్రి గొంతులో ఏం జరుగుతోందో చూడలేదు. పైగా ఇది లావుపాటివారి జబ్బు అన్న ముద్ర పడింది. సన్నగా ఉన్నా దవడ చిన్నదిగా, గొంతుదారి ఇరుకుగా ఉన్నవారికి కూడా ఇది వస్తుంది. వారు వైద్యుల దృష్టికి రావడానికి చాలా కాలం పట్టింది.

రోగి నిద్రపోతుండగా రాత్రంతా మెదడు తరంగాలను, ఊపిరిని కలిపి నమోదు చేసినప్పుడే అసలు విషయం బయటపడింది. 1965లో ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా ఈ పని చేశారు. ఇటలీలో బొలోన్యాకు చెందిన లుగరేసి గురకనే పరిశోధన విషయంగా తీసుకున్నాడు. చిన్న దేశమైన శాన్ మరీనోలో 5,713 మందిని విచారించి, రోజూ గురకపెట్టేవారిలో రక్తపోటు ఎక్కువగా ఉందని ఆయన బృందం 1980లో ప్రకటించింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో గిలెమినో, డిమెంట్ తదితరులు 1976లో ఈ రుగ్మతలను ‘స్లీప్ ఆప్నియా సిండ్రోమ్‌లు’గా వివరించారు. నవల పేరు పోయి, గొంతులో జరిగే పని పేరుగా నిలిచింది.

కానీ చికిత్స? 1969 నుంచి చేతిలో ఉన్నది ఒక్కటే: ట్రాకియాస్టమీ. గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. పగలు మూసి, రాత్రి తెరుస్తారు. మూసుకుపోయే చోటును దాటేసి గాలి నేరుగా లోపలికి పోతుంది కనుక జబ్బు కట్టుబడుతుంది. బతుకంతా మెడలో రంధ్రంతో గడపాలి, స్నానం దగ్గరనుంచి ప్రతిదానికీ జాగ్రత్త పడాలి. చాలామంది వద్దనడంలో ఆశ్చర్యం లేదు.

అభ్యాసం: పై భాగాన్ని మరోసారి చదవండి. వ్యాధికి పేరు ముందు వచ్చి, కారణం తరువాత తెలియడం వల్ల ఎవరికి నష్టం జరిగింది? నాలుగైదు వాక్యాల్లో రాయండి.

అలా వద్దన్న ఒక రోగితోనే 1980 జూన్‌లో సిడ్నీలో కొత్త అధ్యాయం మొదలైంది. కాలిన్ సలివన్ అంతకు ముందు కెనడాలోని టొరంటోలో నిద్రపోయే కుక్కల శ్వాసపై పరిశోధన చేసి, వాటి మూతికి సరిపోయే మాస్కుల గురించి ఆలోచించిన వైద్యుడు. గొంతు కూలిపోకుండా లోపలినుంచి గాలితోనే ఆనించి పట్టవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఊపిరాడని పసికందులకు ఎడతెగని గాలి ఒత్తిడి ఇవ్వడాన్ని 1971లోనే గ్రెగరీ అనే అమెరికన్ వైద్యుడు ప్రవేశపెట్టాడు. సలివన్ దాన్ని నిద్రపోయే పెద్దల ముక్కుకు పెట్టాడు. గాలి కొట్టడానికి వాక్యూం క్లీనర్ మోటారు వాడారు. రోగి ఆ రాత్రి ఊపిరి ఆగకుండా నిద్రపోయాడు.

1981 ఏప్రిల్‌లో ‘లాన్సెట్’ పత్రికలో అయిదుగురు రోగుల ఫలితాలు వచ్చాయి. వాడిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో ఇది ఒక శాతం కూడా మించదు. విరిగిన చేతికి కట్టే బద్దలాగా ఇది గొంతుకు గాలితో వేసిన బద్ద అని గ్రహించండి. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దీన్నే సీప్యాప్ అంటున్నాం.

సూత్రం ఒక్క రాత్రిలో రుజువైంది, దానితో కాపురం చేయడం మాత్రం కష్టమైంది. తొలి రోగుల కోసం ఒక్కొక్కరి ముక్కుకు అచ్చు తీసి మాస్కు తయారుచేసేవారు. దాన్ని ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించుకోవాలి, పొద్దున ఊడదీసుకోవాలి. మోటారు రొద సరేసరి. అయినా వారు వాడారు. ఎందుకంటే రెండో దారి మెడలో రంధ్రమని వారికి తెలుసు. నేటి రోగికి ఆ పోలిక లేదు. అతనికి కనిపించేది మెత్తని మాస్కు, దాన్ని పట్టే పట్టీలు, గొట్టం, ‘ఇక జీవితాంతం ఇంతేనా’ అన్న దిగులు.

1985లో యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. తరువాత సిలికాన్ అంచుల మాస్కులు, గాలికి తేమ చేర్చే పాత్ర, నిద్ర పట్టేవరకు ఒత్తిడిని మెల్లగా పెంచే ఏర్పాటు వచ్చాయి. వీటిలో ప్రతి మార్పు వెనుకా రోగుల ఫిర్యాదే ఉంది: ముక్కు దిబ్బడ, నోరు ఎండిపోవడం, ముక్కుదూలం మీద పుండు, అంచునుంచి గాలి కారి కళ్లు మండడం. ఈ చరిత్రలో ఆవిష్కర్తల పేర్లే నమోదయ్యాయి. ఫిర్యాదు చేసినవారి పేర్లు ఎక్కడా లేవు.

ఇది ఎంతమందికి ఉంది? 1993లో అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం 30 నుంచి 60 ఏళ్లవారిని నిద్రలో పరీక్షించింది. పగటి మగతతో కూడిన ఆప్నియా 4 శాతం పురుషుల్లో, 2 శాతం స్త్రీలలో కనిపించింది. అప్పటివరకు క్లినిక్‌లకు వచ్చినవారిలో స్త్రీలు అంతకంటే చాలా తక్కువ. భర్త గురకను భార్య వింటుంది, వైద్యుడికి చెబుతుంది. భార్య గురకకు సాక్ష్యం చెప్పేదెవరు? ఆమె అలసటను ఇంటిపని ఖాతాలో వేయడం తేలిక. మన దేశంలో 2004లో ప్రచురితమైన ముంబై అధ్యయనం 35 నుంచి 65 ఏళ్ల పురుషుల్లో 7.5 శాతానికి ఈ వ్యాధి ఉందని తేల్చింది. ఆ అధ్యయనం కూడా పురుషులకే పరిమితం.

చివరగా సాక్షి మారిన సంగతి చూడండి. 1993లోనే క్రిబ్స్ బృందం 35 మంది రోగుల యంత్రాల్లో వారికి తెలియకుండా మీటరు పెట్టింది. రోజూ వాడుతున్నామని 60 శాతం చెప్పారు. నూటికి 70 రోజులైనా, రోజుకు కనీసం 4 గంటలు వాడినవారు 46 శాతమే. ఆ ‘4 గంటలు’ తరువాత అమెరికా వృద్ధుల ఆరోగ్య బీమాలో నిబంధనగా మారింది. అంత వాడకపోతే యంత్రం ఖర్చు భరించరు. పరిశోధకులు లెక్క కోసం గీసిన గీత రోగిని తూచే తక్కెడ అయింది. భారతదేశం కూడా పాల్గొన్న సేవ్ అనే పెద్ద పరీక్షలో 2,717 మంది గుండెజబ్బు, పక్షవాతం రోగులను చూశారు. మాస్కు వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదని 2016లో ప్రకటించారు. అయితే వారు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. పగటి మగత, గురక, మనసు దిగులు మాత్రం తగ్గాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాస్కు కొత్తగా వాడుతుంటే, మొదట పగలు మెలకువగా ఉన్నప్పుడు టీవీ చూస్తూనో, పేపరు చదువుతూనో కాసేపు పెట్టుకోమనండి. గాలి కారుతుంటే పట్టీలు ఇంకా బిగించడం కంటే మాస్కు కొలత మార్పించడం మేలు. ఒత్తిడిని సొంతంగా మార్చకుండా వైద్యుణ్ణి అడగాలి. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, కనుక ఇన్వర్టరుకు కలపడం అవసరం. చాలామంది నడిరాత్రి నిద్రలోనే మాస్కు లాగి పక్కన పెట్టేస్తారు. ఏ గంటకు తీశారో యంత్రంలోని చిప్ చెబుతుంది, ఎందుకు తీశారో చెప్పదు. అది తెలిసే అవకాశం ఉన్నది పక్కన పడుకున్న మనిషికే.