పేకాట ఇంటి లాభం ఎవరిది?

నిజాం పాలనలో జూదాన్ని అరికట్టే చట్టం 1305 ఫసలీలో, అంటే 1895-96 ప్రాంతంలో వచ్చింది. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలు అప్పుడు ఆ పాలన కిందివే. ఆ చట్టం కింద సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని 1967లో తీర్పు వచ్చింది. అయితే ఆట నడిపే క్లబ్బు దానిపై లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా కోర్టు స్పష్టం చేసింది.

1974లో కొత్త గేమింగ్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దానిని ఆన్‌లైన్ పందేలకూ వర్తింపజేసింది. అయినా 2020 ఆగస్టులో, రంగులను ఊహించే ఒక పందెంలో సుమారు 1,100 కోట్ల రూపాయలు చేతులు మారినట్లు హైదరాబాదు పోలీసులు ప్రకటించారు. కొందరు చార్టర్డ్ అకౌంటెంట్ల సాయంతో, పేరుకు మాత్రమే డైరెక్టర్లను పెట్టి కంపెనీలు తెరిచారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు తెలిపింది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద బ్యాంకుల్లోని 46.96 కోట్లను స్తంభింపజేసింది.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పేకాట ఇల్లు ఫోనులోకి మారినా 1967 నాటి ప్రశ్న మారలేదు: లాభం ఎవరిది? దానికి కంపెనీ, ఆడిటరు, బ్యాంకు జవాబు చెప్పవలసిందే. పెన్షనర్ సోదర సోదరీమణులారా, మన బాధ్యతా ఉంది. కమీషను ఆశ చూపినా సరే, మన ఖాతాను గానీ మనుమల ఖాతాను గానీ పరుల లావాదేవీలకు ఇవ్వరాదు.