కుండీలలో పెంచే పామ్ మొక్కలు – పిల్లులకు భద్రత

కోనసీమలోని మామిడికుదురు ప్రాంతానికి నిత్యపరిచితమైన కొబ్బరి, తాడి, పోక చెట్లు ఏ కుటుంబానికి చెందినవో, మడగాస్కర్ నుంచి వచ్చి ఇళ్లలో కుండీ మొక్కగా స్థిరపడిన అరెకా పామ్ కూడా ఆ కుటుంబానికే చెందుతుంది. దీని ఆకులు కొరికిన పిల్లికి పీచు వల్ల వాంతి కావచ్చునేగాని విషబాధ కలగదు. జీలుగ మాత్రం ఇదే కుటుంబంలోనిదైనా, దాని పండ్లలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుండి నోటిని మండిస్తాయి.

అసలు ప్రమాదం పేరులోనే పొంచి ఉంది. సాగో పామ్‌గా అమ్మే మొక్క నిజానికి తాటిజాతిది కాదు. అది పూలు పూయని ప్రాచీన వర్గమైన సైకస్‌లలో ఒకటి, శేషాచలం కొండలలో పెరిగే పెరితకు బంధువు. దీని అన్ని భాగాలలోనూ, ముఖ్యంగా గింజలలో, సైకాసిన్ అనే విషం ఉంటుంది. పేగులలోని సూక్ష్మజీవుల వల్ల అది విడిపోయి కాలేయ కణాలను నాశనం చేస్తుంది. మొదట వాంతులు, చొంగ, మందకొడితనం కనిపించి, తర్వాత కామెర్లు, రక్తస్రావం రావచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు కనుక లక్షణాల కోసం వేచి ఉండక, నమిలిన ముక్కతో సహా పిల్లిని వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. పిల్లి తిరిగే ఇంట ఈ మొక్కను ఉంచకపోవడమే సరైన జాగ్రత్త.